కెమెరా అంకెలు – గుణదోష విచారము

చలనచిత్రములు తీయు కెమెరాలలో నేడు ఏటేట క్రొత్త నమూనాలు వెలువడుచున్నవి. ఒక్కొక్క దాని పేరు ప్రక్కన కొన్ని అంకెలు కానవచ్చును. 4కె, 8కె, 12కె అని కొన్ని, 14 స్టాపులు, 17 స్టాపులు అని కొన్ని, ఐ.ఎస్.ఓ. 12,800 అని మరికొన్ని. పెద్ద అంకె గల యంత్రమే మేలైనదనియు, చిన్న అంకె గలది కాలము చెల్లినదనియు ప్రకటనలు చాటుచుండును. సొంతముగా కెమెరా కొని, దానితోనే పనిచేసి బ్రతుకు ఛాయాగ్రాహకునకు ఈ అంకెలు వినోదము కావు. అప్పు చేసి కొన్న యంత్రము రెండేండ్లలో ‘పాతది’ అనిపించుకొన్నచో దాని అద్దె పడిపోవును. వడ్డీ మాత్రము పడిపోదు. కావున ఈ అంకెలలో ఏది భౌతికశాస్త్రమునకు నిలుచును, ఏది బేరగాని మాట అని విచారించుట అవసరము. ఈ విచారమునకు ఉన్నత పాఠశాలలో చెప్పు కాంతిశాస్త్రమును, కొద్దిపాటి గుణకార భాగహారములును చాలును.

ఫిల్మునుండి సిలికానునకు

ఫిల్ము కెమెరాలో కాంతి వెండి లవణములపై పడి రసాయనిక మార్పును కలిగించును. డిజిటల్ కెమెరాలో ఆ స్థానమున సెన్సర్ అను సిలికాను ఫలకము ఉండును. దానిపై పడిన ఫోటాను ఒక ఎలక్ట్రానును విడిపించును. ఇట్లు విడివడిన ఎలక్ట్రానులను లక్షలకొలది చిన్న గుంటలలో పోగుచేసి, కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొనుటయే డిజిటల్ ఛాయాగ్రహణము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు 1969లో సి.సి.డి. అను ఫలకమును రూపొందించిరి. అందులకు 2009లో వారికి నోబెల్ బహుమానము లభించినది. నేటి సినిమా కెమెరాలలో ఉన్నది దాని తరువాత వృద్ధిపొందిన సీమాస్ జాతి ఫలకము.

2002లో విడుదలయిన ‘స్టార్ వార్స్’ రెండవ భాగమును సోనీ వారి డిజిటల్ కెమెరాతో తీసిరి. దాని చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు మాత్రమే ఉండెను. 2007లో అమెరికాకు చెందిన రెడ్ సంస్థ 17,500 డాలర్లకు 4కె కెమెరాను అమ్మి సంచలనము కలిగించినది. 1917లో మ్యూనిక్ నగరమున స్థాపితమయిన ఆరీ సంస్థ 2010లో ‘అలెక్సా’ను బయలుపెట్టినది. ఆ మరుసటి సంవత్సరము నాటికే ఆరీ, పానవిజన్, ఆటన్ సంస్థలు క్రొత్త ఫిల్ము కెమెరాల నిర్మాణమును విరమించినవని లోకమునకు తెలిసినది. 2013లో ఫ్యూజీ సంస్థ సినిమా షూటింగు ఫిల్ము తయారీని మానివేసినది. అయినను ఫిల్ము అంతరింపలేదు. 2023లో వచ్చిన ‘ఓపెన్‌హైమర్’ చిత్రమును పెద్ద ఫిల్ముపైననే తీసిరి. దాని నలుపు తెలుపు దృశ్యముల కొరకు కొడాక్ సంస్థ 65 మిల్లీమీటర్ల ఫిల్మును ప్రత్యేకముగా తయారుచేసినది.

‘కె’ అను అక్షరపు విలువ

ముగ్గు వేయుటకు ముందు వాకిట చుక్కలు పెట్టుదురు. సెన్సర్ పై గుంటలును అట్లే వరుసలుగా ఉండును. అడ్డపు వరుసలో ఎన్ని వేల చుక్కలున్నవో తెలుపునదే ‘కె’. 4కె యనగా వరుసకు నాలుగు వేల చుక్కలని స్థూలముగా అర్థము. ఇంతవరకు తిరకాసు లేదు.

తిరకాసు రంగుల విషయమున కలదు. సిలికాను గుంటకు రంగు తెలియదు. వెలుగెంత యని మాత్రమే తెలియును. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికొక ఉపాయము కనిపెట్టి 1976లో పేటెంటు పొందెను. ప్రతి నాలుగు గుంటలలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, మరియొకదానిపై నీలము వడపోతలను అమర్చుటయే ఆ ఉపాయము. మనుష్యుని కన్ను ఆకుపచ్చ ప్రాంతమున సూక్ష్మ వివరములను ఎక్కువగా గ్రహించును కనుక దానికి రెండు పాళ్లు లభించినవి. ఇందువలన ఒక్కొక్క గుంట మూడు రంగులలో ఒక్కదానినే కొలుచును. తక్కిన రెండింటిని ఇరుగుపొరుగు గుంటలను చూచి గణితముచే ఊహింపవలెను. అనగా 4కె కెమెరా ఇచ్చు రంగుల విలువలలో మూడింట రెండు వంతులు కొలిచినవి కావు, అంచనా వేసినవి. అంచనా చాల తెలివైనదే కావచ్చును. అయినను అది అంచనాయే. ప్రకటనలలోని ‘కె’ గుంటల సంఖ్యను చెప్పునే గాని చిత్రములో నిజముగా తేలిన వివరమును చెప్పదు.

రెండవ పరీక్ష కన్ను. ఆరోగ్యవంతమయిన కన్ను ఒక డిగ్రీలో అరువదవ వంతు, అనగా ఒక కళ, కోణమున ఎడమయిన రెండు బిందువులను విడివిడిగా గుర్తింపగలదు. 12 మీటర్ల వెడల్పు గల తెరపై 4096 బిందువులు పరచినచో ఒక్కొక్కటి సుమారు 2.9 మిల్లీమీటర్లుండును. ఈ కొలత ఒక కళ కోణము చేయు దూరము సుమారు 10 మీటర్లు. అంతకంటె వెనుక కూర్చున్న ప్రేక్షకునకు 4కెను మించిన వివరము కంటికి ఆనదు. 8కె కావలెనన్నచో 5 మీటర్ల లోపల, మెడ పైకెత్తి కూర్చుండవలెను. 2కె చిత్రమునకు ఈ దూరము 20 మీటర్లు. హాలివుడ్ స్టూడియోల ఉమ్మడి సంఘము 2005లో డిజిటల్ సినిమాహాళ్లకు నిర్ణయించిన ప్రమాణములు 2కె, 4కె అను రెండే యనుట ఇచ్చట గమనింపదగినది.

మూడవ పరీక్ష కటకము. ఎంత దోషరహితమయిన కటకమైనను ఒక కాంతి బిందువును బిందువుగా చూపలేదు. కాంతి తరంగము కనుక కటకద్వారపు అంచున వంగి చిన్న బిళ్ళగా పరచుకొనును. ఇదియే వివర్తనము. ఆ బిళ్ళ వ్యాసమునకు సూత్రము: 2.44ను కాంతి తరంగదైర్ఘ్యముచేతను, కటకపు ఎఫ్ సంఖ్యచేతను గుణింపవలెను. ఆకుపచ్చ కాంతికి తరంగదైర్ఘ్యము 0.55 మైక్రాను. ఎఫ్/4 వద్ద బిళ్ళ వ్యాసము సుమారు 5.4 మైక్రానులు, ఎఫ్/8 వద్ద 10.7 మైక్రానులు.

ఇప్పుడు యంత్రములను చూడవలెను. ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ సంస్థ 2020లో 9,995 డాలర్ల ధరకు 12కె కెమెరాను ప్రకటించినది. దాని వరుసలో 12,288 గుంటలు. ఒక్కొక్క గుంట వెడల్పు 2.2 మైక్రానులు. ఎఫ్/4 వద్ద ఒక్క కాంతి బిళ్ళయే రెండు గుంటలకు పైగా ఆక్రమించుచున్నది. ఎఫ్/8 వద్ద దాదాపు అయిదు గుంటలను. కటకము పంపని వివరమును గుంటలెన్ని యున్నను పట్టజాలవు. కనుక 12కె యను పేరు వలన పండ్రెండు వేల బిందువుల వివరము తెరకెక్కునని నమ్ముట పొరపాటు.

అయినను ఈ యంత్రమును తోసిపుచ్చుట న్యాయము కాదు. కటకము పంపగలదానికంటె గుంటలు చిన్నవగుట వలన ఒక లాభము కలదు. నేత చీర, ఇటుక గోడ వంటి క్రమమయిన గీతలను తీయునప్పుడు పెద్ద గుంటల ఫలకముపై లేని అలలు, లేని రంగులు పుట్టును. దీనిని మొయిరే దోషమందురు. చిన్న గుంటలతో తీసి, తరువాత 8కెకు గాని 4కెకు గాని కుదించినచో ఆ దోషము మిక్కిలి తగ్గును; రంగుల అంచనా కూడ నిజమునకు దగ్గరపడును. అనగా 12కె ఫలకము మంచి 4కె చిత్రమును ఇచ్చు యంత్రము. గుణము నిజమైనదే, దానికి పెట్టిన పేరే అతిశయోక్తి.

దీనికి ఎదురుగా మొదటి అలెక్సాను నిలిపి చూడవలెను. దాని వరుసలో గుంటలు 2880 మాత్రమే. కాని ఒక్కొక్కటి 8.25 మైక్రానుల వెడల్పు గలది. ‘హ్యూగో’, ‘లైఫ్ ఆఫ్ పై’, ‘గ్రావిటీ’, ‘బర్డ్‌మన్’, ‘ది రెవెనెంట్’ – 2011 మొదలు 2015 వరకు వరుసగా అయిదు సంవత్సరముల చిత్రములకు ఛాయాగ్రహణమున ఆస్కారు బహుమానములు వచ్చినవి. ఈ అయిదింటిలోను అలెక్సా కుటుంబపు కెమెరాలనే ప్రధానముగా వాడిరి. 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగమును కె. కె. సెంథిల్ కుమార్ తీసినది కూడ ఆ కుటుంబములోని ఎక్స్‌టి కెమెరాతోనే. ఆ కాలముననే 5కె, 6కె కెమెరాలు అంగడిలో ఉండెను. బహుమానము కెమెరాకు కాక దాని వెనుక నిలిచిన మనిషికి వచ్చునన్నది నిజమే. అయినను చిన్న అంకె ఆ మనిషి చేతిని కట్టివేయలేదనుట కిది చాలిన సాక్ష్యము.

ఇంతలో అంకెకు శాసనబలము చేకూరినది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన సొంత చిత్రములకు 4కె సెన్సర్ గల కెమెరా ఉండవలెనని నిబంధన పెట్టినది. ఛాయాగ్రాహకులు మెచ్చిన తొలి అలెక్సా ఆ జాబితాకు వెలుపల నిలిచినది. ఆరీ సంస్థ 2018లో ‘అలెక్సా ఎల్ఎఫ్’ను తెచ్చినది. దాని వరుసలో 4448 గుంటలు. గుంట వెడల్పు మాత్రము అదే 8.25 మైక్రానులు. గుంటను చిన్నది చేయక ఫలకమునే 36.7 మిల్లీమీటర్లకు పెంచిరి. విద్యార్థులు గుణించి చూచినచో ఈ లెక్క సరిపోవుట కనుగొందురు. నిబంధన వలన మంచి యంత్రము పుట్టినమాట నిజము. కాని నిబంధనకు కొలతబద్దగా నిలిచినది మాత్రము చిత్రపు గుణము కాదు, గుంటల లెక్కయే.

వెలుగునీడల వ్యాప్తి

‘స్టాపు’ అను అంకె సంగతి వేరు. ఇది నిజముగా విలువ గల అంకె. అయినను దీనిని కొలుచుటలోనే చిక్కున్నది.

ఒక స్టాపు అనగా వెలుగు రెట్టింపగుట. 14 స్టాపులనగా రెండును పదునాలుగు మారులు గుణింపగా వచ్చు 16,384 రెట్లు. 17 స్టాపులనగా 1,31,072 రెట్లు. ఇంత వ్యాప్తి ఎందులకని అడుగవచ్చును. మిట్టమధ్యాహ్నపు వేళ పెంకుటింటి గదిలో ఒక ముసలమ్మ కూర్చుండగా, ఆమె వెనుక తలుపులోనుండి వాకిలి కానవచ్చుచున్నదని అనుకొనవలెను. వాకిట ఎండ సుమారు లక్ష లక్సులు. గది లోపల నూరు లక్సులు. వేయి రెట్ల తేడా, అనగా పది స్టాపులు. ఇది గాక వాకిట ఆరవేసిన తెల్లని పంచె తనపై పడిన కాంతిలో నూటికి 90 పాళ్లు తిప్పి పంపును. గదిలోని నల్లని గొంగడి 3 పాళ్లే పంపును. ఇది ముప్పది రెట్లు, అనగా సుమారు అయిదు స్టాపులు. మొత్తము పదునైదు. ఇంత వ్యాప్తిని పట్టలేని కెమెరాలో వాకిలి తెల్లని మచ్చ యగును, లేదా ముసలమ్మ ముఖము నల్లబడును. చాలినన్ని దీపములు లేని చిన్న బృందమునకు ఒక్కొక్క స్టాపు ఒక్కొక్క దీపముతో సమానము.

గుంటను వానకు చూరు క్రింద పెట్టిన గిన్నెతో పోల్చవచ్చును. గిన్నె నిండిన తరువాత పడిన నీరు పొరలిపోవును. ఇది వెలుగు వైపు హద్దు. గిన్నె అడుగున ఎప్పుడును ఉండు తడి వలన ఒకటి రెండు చుక్కల వాన పడినదో లేదో తెలియదు. ఇది నీడ వైపు హద్దు. ఈ తడినే ఛాయాగ్రాహకులు రొద యందురు. ఒక గుంట 32,768 ఎలక్ట్రానులను పట్టుననియు, దాని రొద 2 ఎలక్ట్రానులనియు అనుకొన్నచో వాటి నిష్పత్తి 16,384. అనగా సరిగా 14 స్టాపులు. కనుక వ్యాప్తిని పెంచుటకు రెండే త్రోవలు: గిన్నెను పెద్దది చేయుట, అడుగు తడిని తగ్గించుట.

8.25 మైక్రానుల గుంట వైశాల్యము 2.2 మైక్రానుల గుంట వైశాల్యమునకు 14 రెట్లు. పెద్ద గుంటల ఫలకమునకు ఈ బలము సహజము. పైగా తొలి అలెక్సాలో ఒక్కొక్క గుంటను ఒకేమారు రెండు త్రోవల చదివిరి. ఒక త్రోవ నీడలను పెద్దవి చేసి చూపును. రెండవది వెలుగులను పొరలకుండ కాపాడును. ఈ రెండింటిని కలిపి ఒక చిత్రము చేసిరి. ఇది అంకెల ఆడంబరము లేని నిజమయిన ఇంజనీరింగు.

అట్లని గుంట పెద్దదైనచో చాలునని సూత్రము కట్టుటయు పొరపాటే. 2022లో ఆరీ సంస్థ తెచ్చిన ‘అలెక్సా 35’లో వరుసకు 4608 గుంటలు, గుంట వెడల్పు 6.075 మైక్రానులు. వైశాల్యమున ఇది పాత గుంటలో సగమునకు కొంచెము ఎక్కువ. అయినను దానికి 17 స్టాపుల వ్యాప్తి కలదని సంస్థ చెప్పుచున్నది. గిన్నె చిన్నదైనను తడిని తగ్గించి, చదువు పద్ధతిని మార్చి సాధించిన ఫలితమిది. సుమారు 2.9 కిలోల బరువు గల ఈ పెట్టె భుజముపై మోయు పనివానికి కూడ మేలు చేసినది. దీని దోషము ధరయే. సొంతమునకు కొనగలవారు తక్కువ, అద్దెకు తెచ్చుకొనువారే ఎక్కువ.

ఇక కొలతలోని చిక్కు. నీడలో ఎంత రొద వరకు ‘చిత్రము’ అని ఒప్పుకొనవలెను? సంకేతము రొదతో సమానమయినచోట గీత గీచినచో ఒక అంకె వచ్చును. సంకేతము రొదకు రెట్టింపు ఉండవలెనన్నచో సుమారు ఒక స్టాపు తగ్గును. ఎవరెక్కడ గీత గీచిరో ప్రకటనలో సామాన్యముగా ఉండదు. కాబట్టి ఒక సంస్థవారి 14కును, వేరొక సంస్థవారి 15కును మధ్య తేడా కెమెరాలో ఉండవచ్చును, గీతలో ఉండవచ్చును. ఒకే గీతతో కొలిచిన వానినే పోల్చవలెను. మరియొక సంగతి: హాలులోని తెర చూపగల వెలుగునీడల నిష్పత్తికి పైన చెప్పిన డిజిటల్ సినిమా ప్రమాణము 2000కు 1, అనగా సుమారు 11 స్టాపులు. కెమెరా పట్టిన 17ను తెరయొక్క 11లో ఇముడ్చుట రంగులు దిద్దువాని పని. ఆ పని చేతకానిచోట మిగిలిన ఆరు స్టాపులు గాదెలోని గింజలవలె లోపలనే ఉండిపోవును.

చవుక యంత్రము – చవుక కాని చిత్రము

2021లో సోనీ సంస్థ ‘ఎఫ్‌ఎక్స్3’ అను చిన్న కెమెరాను సుమారు 3,900 డాలర్లకు విడుదల చేసినది. దాని ఫలకమున గుంటలు సుమారు 120 లక్షలు మాత్రమే. వెడల్పు సుమారు 8.4 మైక్రానులు. ఐ.ఎస్.ఓ. 800, 12,800 అను రెండు స్థానములలో అది ఉత్తమముగా పనిచేయును. అరచేతిలో ఇముడు ఈ కెమెరాతోనే 2023లో ‘ది క్రియేటర్’ అను పెద్ద చిత్రమును తీసిరి. అది విని, ఇక ఖరీదయిన కెమెరాల కాలము ముగిసినదని కొందరు ప్రకటించిరి.

ఈ మాటను జాగ్రత్తగా పరిశీలింపవలెను. ఎఫ్‌ఎక్స్3 గుణము స్పష్టము: వెన్నెలవంటి మసక వెలుతురున కూడ అది చూడగలదు. దోషములును స్పష్టమే: ఎండలో వెలుగును తగ్గించు బూడిద రంగు వడపోతలు దాని లోపల లేవు, పూర్తి ముడి చిత్రము కావలెనన్నచో బయట వేరొక రికార్డరును తగిలింపవలెను. పైగా ‘ది క్రియేటర్’ కోట్ల డాలర్లతో, నేర్పరులయిన గ్రాఫిక్సు బృందములతో తయారయిన చిత్రము. అందు చవుకయినది కెమెరా ఒక్కటే. 2002లో ‘28 డేస్ లేటర్’ చిత్రమును ఆంథొనీ డాడ్ మాంటిల్ అత్యధిక భాగము కానన్ సంస్థవారి చిన్న వీడియో కెమెరాతో తీసెను. దాని చిత్రమున 720కి 576 బిందువులే. ఖాళీ పడిన లండను వీధుల భయమునకు ఆ గరుకుతనమే తోడ్పడినది. ఆయనయే 2008 నాటి ‘స్లమ్‌డాగ్ మిలియనేర్’లో బొంబాయి సందులలో దూరగల చిన్న 2కె కెమెరాను ఎక్కువగా వాడి ఆస్కారు పొందెను, 2025లో ‘28 ఇయర్స్ లేటర్’ను చాలవరకు సెల్‌ఫోనుతో తీసెను. ఈ మూడు చిత్రముల వలన తేలునది చిన్న కెమెరా గొప్పదని కాదు. కథకు ఏ యంత్రము తగునో ఎరిగినవాడు గొప్పవాడని మాత్రమే.

కాలము చేయు దోషములు

ప్రకటనలో పెద్ద అక్షరములతో కానరాని అంకె ఒకటి కలదు. అది ఫలకమును చదువుటకు పట్టు కాలము. అధిక భాగము సీమాస్ ఫలకములు పై వరుసనుండి క్రింది వరుసకు క్రమముగా చదువబడును. ఇందులకు సెకండులో వేయింట 16 వంతులు పట్టునని అనుకొనవలెను. ఒక బండి 4096 బిందువుల తెరను ఒక సెకండులో దాటిపోవుచున్నచో, పై వరుస చదివినప్పటికిని క్రింది వరుస చదివినప్పటికిని అది సుమారు 65 బిందువులు జరిగియుండును. కనుక నిలువుగా ఉండవలసిన బండి ప్రక్కకు ఒరిగినట్లు కనబడును. ఇంట తిరుగుచున్న పంకాను సెల్‌ఫోనుతో తీసినచో రెక్కలు వంకరపోవుటయు ఇందువలననే. 2024లో రెడ్ సంస్థ తన పెద్ద కెమెరాలో అన్ని వరుసలను ఒకేమారు పట్టు ఫలకమును తెచ్చినది. పరుగులు, పోరాటములు తీయువానికి ఇది రెండు ‘కె’ల పెంపుకంటె ఎక్కువ ఉపకరించు మార్పు.

మన దేశపు పనివారికి ముఖ్యమయిన మరియొక సంగతి విద్యుద్దీపముల మినుకు. ఇచ్చటి విద్యుత్తు సెకండుకు 50 ఆవృత్తములు గలది. అందువలన అనేక దీపములు సెకండుకు 100 మారులు వెలిగి తగ్గును. అమెరికాలో ఈ సంఖ్య 120. సెకండుకు 24 చిత్రములు తీయునప్పుడు షట్టరును 180 డిగ్రీలలో ఉంచుట ఆనవాయితీ. అప్పుడు ఒక్కొక్క చిత్రమునకు సెకండులో 48వ వంతు వెలుతురు సోకును. అమెరికాలో ఒక చిత్రమునకును మరు చిత్రమునకును నడుమ సరిగా 5 మినుకులు జరుగును. ప్రతి చిత్రమును మినుకులో ఒకే దశయందు మొదలగును కనుక దోషము కనబడదు. ఇచ్చట ఆ నడుమ 4.17 మినుకులు జరుగును. దశ మారిపోవుటచే చిత్రము ఒకమారు వెలిగి, ఒకమారు మసకబారును. షట్టరును 172.8 డిగ్రీలకు మార్చినచో సెకండులో 50వ వంతు కాలము వచ్చును, అందు సరిగా రెండు మినుకులు ఇముడును, దోషము పోవును. ఈ మార్పునకు పైసా ఖర్చు లేదు. పదివేల డాలర్ల కెమెరా కొని ఈ సంగతి ఎరుగనివానికంటె, పాత కెమెరాతో దీనిని ఎరిగినవాడు మేలైన చిత్రమును తెచ్చును.

మూటల బరువు

పెద్ద అంకెకు మూల్యము తరువాత చెల్లింపవలసి యుండును. 4096కు 2160 గుంటల ఫలకములో ఒక్కొక్క గుంట కొలతను 12 బిట్లతో వ్రాసినచో ఒక్క చిత్రమునకు సుమారు 13.3 మెగాబైట్లు, సెకండుకు 318 మెగాబైట్లు, గంటకు 1.15 టెరాబైట్లు. 8కె అయినచో దీనికి నాలుగు రెట్లు. అందుచేత మూటను కుదించుట తప్పనిసరి. కెమెరాలోనే ముడి చిత్రమును కుదించు పద్ధతిపై రెడ్ సంస్థ పేటెంట్లు పొంది, చాలకాలము గట్టిగా కాపాడుకొన్నది. 2019లో ఆపిల్ సంస్థ చేసిన సవాలు నెగ్గలేదు. 2022లో రెడ్ సంస్థ నికాన్ సంస్థపై వ్యాజ్యము వేసినది. 2023లో అది ముగిసినది. 2024లో నికాన్ సంస్థ రెడ్‌ను కొనివేసినది. కెమెరాలో ఏ సౌకర్యము ఉండవలెనో నిర్ణయించునది భౌతికశాస్త్రము ఒక్కటే కాదని ఈ కథ తెలుపుచున్నది.

అంతకంటె పెద్ద ప్రశ్న భద్రతకు సంబంధించినది. ఆస్కారు బహుమానముల నిచ్చు అమెరికా అకాడమీ 2007లో ఒక నివేదికను ప్రకటించినది. ఒక చిత్రపు మూలమును ఫిల్ముగా భద్రపరచుటకు ఏడాదికి 1,059 డాలర్లు, 4కె డిజిటల్ మూలముగా భద్రపరచుటకు 12,514 డాలర్లు అగునని అందు లెక్క వేసిరి. ఆ తరువాత నిలువ ఖర్చు తగ్గినది. కాని మూటలును పెరిగినవి. ఖర్చునకు కారణము మాత్రము మారలేదు. ఫిల్మును చల్లని పొడి గదిలో పెట్టి తలుపు మూసిన చాలును. డిజిటల్ మూటను కొన్ని ఏండ్లకొకమారు క్రొత్త టేపులపైకి మార్చుచుండవలెను. నిలువకు వాడు ఎల్.టి.ఓ. టేపులలో 2025లో వచ్చిన పదవ తరపు యంత్రము అంతకు ముందటి తరముల టేపులను చదువజాలదు. టేపు చెక్కుచెదరకున్నను చదువు యంత్రము లేక చిత్రము మూగబోవచ్చును.

ఫిల్ము అమరమని చెప్పుటయు సత్యము కాదు. మన దేశపు మూగచిత్రములలో అత్యధిక భాగము నశించినది. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడునాటికే పెక్కు చిత్రములు చేయిదాటిపోయెను; 2003 నాటి అగ్నిప్రమాదమున అచ్చటి పాత నైట్రేటు ఫిల్ములు దగ్ధమయినవి. నాటి నష్టమునకు కారణము చిత్రమును భద్రపరచవలెనను ఎరుక లేకపోవుట. నేడు ఆ ఎరుక కలదు. ఉండియు, తీయుటకు పెట్టిన శ్రద్ధలో పదవ వంతయినను దాచుటకు పెట్టకున్నచో, రాబోవు తరము 12కెలో తీసిన చిత్రములను పేర్లతో మాత్రమే ఎరుగును.

పరీక్షించు పద్ధతి

కెమెరాను కొనదలచినవాడును, అద్దెకు తేదలచినవాడును పత్రముపై అంకెలను కాక నాలుగు పరీక్షలను నమ్మవలెను. మొదటిది, చీకటి గదిలో మనిషి, వెనుక ఎండ – ముఖపు నీడలు, వాకిటి వెలుగులు రెండును నిలుచునా? రెండవది, సన్నని గళ్ల చీర – అలలు పుట్టునా? మూడవది, వేగముగా అటునిటు తిప్పిన దృశ్యము – స్తంభములు ఒరుగునా? నాలుగవది, వీధి దీపముల వెలుతురు – మినుకు కలదా? ఈ నాలుగింటిని తాను వాడు కటకముతోనే తీసి, తన చిత్రము చేరు తెరపైననే చూడవలెను. సొమ్ము పరిమితముగా ఉన్నచో కటకమునకును, దీపములకును, స్థిరమయిన ముక్కాలి పీటకును ముందు వెచ్చించుట వివేకము. కెమెరా పెట్టెకంటె అవి చిరకాలము పనిచేయును.

ఉపాధ్యాయులు ఈ పరీక్షలనే తరగతిలో సెల్‌ఫోనుతో చేయింపవచ్చును. దానిలోనిదియు సీమాస్ జాతి ఫలకమే; దానికిని పంకా రెక్కలు వంకరపోవును, గళ్ల చీరపై అలలు పుట్టును, తలుపు వెలుగునకు ముఖము నల్లబడును. వివర్తనము, నిష్పత్తి, ఆవృత్తము అను పాఠములు పుస్తకము విడిచి కంటి ఎదుట నిలుచును. ఒక ప్రకటనలోని అంకెను చూచిన వెంటనే ‘ఇది దేనిని కొలుచుచున్నది, ఎట్లు కొలిచిరి?’ అని అడుగుట ఆ విద్యార్థులకు అలవడినచో, వారు కెమెరా కొన్నను కొనకున్నను మోసపోరు.